ఒంటిగంట నిద్ర

“మీ అమ్మగారు పడింది నాలుగింటికి కాదండీ. అంతకు చాలా ముందు,” అన్నాడు డాక్టరు.

వెర్నా ఒప్పుకోలేదు. నిన్న సాయంత్రం తను పనిచేసే మందుల షాపు నుంచి ఇంటికొచ్చి, ఇంజను గడ్డకట్టకుండా కారుకి కరెంటు తీగ గుచ్చుతుంటే లోపల్నుంచి అమ్మ కేక తన చెవులతో వింది. పరిగెత్తి చూస్తే నేలమాళిగ మెట్ల కింద అమ్మ పడి ఉంది, పక్కన, కింది గదిలో ఉండే గార్నెట్ నిలబడి ఉన్నాడు. పడకపోతే అమ్మ అప్పుడు ఎందుకు అరుస్తుంది?

డాక్టరు వాదించలేదు. గట్టి నేల మీద గంటల తరబడి ఒకే పక్కకి పడుకున్న మనిషి రక్తంలో కొన్ని మార్పులు వస్తాయని, ఓల్గా ప్రిస్టుపా రక్తంలో అవి ఉన్నాయని చెప్పాడు. ఎడమ భుజం కింద చర్మం కమిలిందన్నాడు. తుంటి ఎముక విరిగిన డెబ్భయ్యారేళ్ళ మనిషి మూడు గంటలు నోరెత్తకుండా ఎలా పడి ఉందో తనకి అర్థం కాలేదన్నాడు.

వెర్నాకి అర్థమైంది. కానీ ఆ మాట బయటి మనిషితో చెప్పేది కాదు.

“ఇంకోటి,” అన్నాడు డాక్టరు. “ఆపరేషన్ పొద్దున్నే కావాల్సింది. ఆవిడ ఒప్పుకోవడం లేదు. రేపు ఒంటిగంటకి ఒక ఖాళీ ఉంది. అదీ దాటితే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. గుండె ముందే అంతంతమాత్రం. మీరు మాట్లాడండి.”

*

ఓల్గా గోడవైపు చూస్తూ పడుకుంది. కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది. కూతురు వచ్చిందని అడుగుల చప్పుడుని బట్టి పోల్చుకుంది.

“మెల్లగా నడవవే. పక్క మంచం ఆవిడకి ఇప్పుడే కునుకు పట్టింది.”

వెర్నా కుర్చీ ఎత్తి తెచ్చుకుని కూర్చుంది. ఎన్నింటికి పడ్డావని అడిగింది. ఓల్గా గోడవైపే చూసింది. రెండోసారి అడిగితే, గడియారం చూస్తూ పడలేదంది. మూడోసారి అడిగితే, భోజనాల గిన్నెలు కడగడం అయ్యాక అంది.

“అంటే ఒంటిగంట దాటి కొంచెం సేపయ్యాక.”

“అయ్యుండొచ్చు.”

“అప్పట్నుంచి అక్కడే పడున్నావు. గార్నెట్ తలుపు ముందు.”

“వాడు పడుకున్నాడు.”

“తలుపు తడితే లేచేవాడు.”

“అందుకే తట్టలేదు.”

అరుపు రాకుండా ఏం చేశావని వెర్నా అడిగింది. నడుముకి గిన్నెలు తుడిచే గుడ్డ ఉందని, దాన్ని నోట్లో పెట్టుకున్నానని ఓల్గా చెప్పింది. కూర ఎలా వండిందో చెప్పినట్టు చెప్పింది.

“అమ్మా, వాడికి ఆట లేదు. ఆరేళ్ళ నుంచి లేదు. ఇవాళా లేదు, నిన్నా లేదు, ఇక ఎప్పటికీ ఉండదు.”

“నాకు తెలీదనుకున్నావా? నా తల పాడవలేదు, వాడి తల పాడయింది. రాత్రుళ్ళు వాడికి నిద్ర లేదు. తెల్లార్లూ కింద నడుస్తూనే ఉంటాడు. నీకు వినబడదు, నువ్వు మొద్దు నిద్రపోతావు. వాడికి పట్టే నిద్ర ఆ కాసేపే.”

“తుంటి విరిగిందమ్మా.”

“ఎముక అతుకుతుంది.”

అతకాలంటే ఆపరేషన్ చేయించుకోవాలని వెర్నా అంది. అసలు సంగతి అప్పుడు బయటికొచ్చింది. తనని లోపలికి తీసుకెళ్ళగానే కూతురు గార్నెట్‌ని ఇంట్లోంచి గెంటేస్తుందని ఓల్గా నమ్మకం. అక్టోబరులో వాడు సంచీతో గుమ్మంలో నిలబడ్డ రోజు నుంచి వెర్నా మనసులో ఉన్నది అదేనని ఆవిడకి తెలుసు. వాడు ఉంటానని వాడి నోటితో చెప్పాలి. తను వినాలి. అప్పుడు సంతకం పెడుతుంది.

“ఫోన్ చేసి అడుగు అయితే. ఇప్పుడే.”

ఓల్గా తల తిప్పి కూతుర్ని మొదటిసారి చూసింది. కళ్ళజోడు లేని చూపు వెర్నా భుజం మీద ఎక్కడో ఆగింది.

“ఇప్పుడు రెండు దాటింది. నాలుగింటికి నేనే చేస్తాను. నువ్వింటికెళ్ళి వాడిని ఫోన్ దగ్గర కూర్చోబెట్టు. ఉండమని నువ్వే చెప్పు. నా కళ్ళజోడు తీసుకురా.”

చెప్తానని వెర్నా మాటిచ్చింది. దుప్పటి సంగతి గుర్తొచ్చి అడిగింది. అంబులెన్సులో అమ్మ ఒంటిమీద గార్నెట్ పాత హాకీ క్లబ్బు దుప్పటి ఉంది. ఉతికి మడతపెట్టిన దుప్పటి కిందికి తీసుకెళ్తున్నానని, దానంచు కాలికి తగిలే పడ్డానని, చలేస్తే అదే లాక్కుని కప్పుకున్నానని ఓల్గా చెప్పింది.

వెర్నా లేచింది. గుమ్మం దాకా వెళ్ళాక వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది.

“నువ్వు చిన్నప్పట్నుంచీ మొద్దు నిద్రేనే. నీ కోసం ఎవరూ గొంతు తగ్గించాల్సిన పని పడలేదు.”

*

సాస్కటూన్ ఆస్పత్రి నుంచి తమ ఊరు కార్డెల్‌కి గంట ప్రయాణం. రోడ్డు మీద మంచు పొడి పాముల్లా పాకుతోంది. ఆస్పత్రి వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ సంచీ పక్క సీట్లో ఉంది. అందులో అమ్మ బట్టలు, ఆ దుప్పటి.

వెర్నాకి పదమూడేళ్ళప్పుడు గార్నెట్ లోవెన్ ఆ ఇంటికొచ్చాడు. అతనికి పదహారు. కార్డెల్ క్లబ్బు దూరపు ఊళ్ళ నుంచి ఐస్ హాకీ ఆడే కుర్రాళ్ళని తెచ్చి ఇంటింటికీ ఒకణ్ణి పంచేది. ఇల్లాలు వాళ్ళకి అమ్మ అయ్యేది. ప్రిస్టుపాల ఇంటికి మానిటోబా నుంచి వచ్చిన పొడుగుపాటి కుర్రాడు దక్కాడు. అతనికిచ్చిన నేలమాళిగ గది అంతకుముందు వెర్నాది.

ఆట ఉన్న రోజున మధ్యాహ్నం కోడిమాంసంతో స్పెగెటీ తిని ఆటగాడు పడుకుంటాడు. ఒంటిగంట నుంచి నాలుగు దాకా. ఊళ్ళో అలాంటి కుర్రాడున్న ప్రతి ఇంట్లోనూ అది నియమం. ప్రిస్టుపాల ఇంట్లో అంతకంటే ఎక్కువ. ఓల్గా ఫోన్‌కి తువ్వాలు చుట్టేది. కుక్కని పక్కింటికి పంపేది. పియానో మూత ఎవరికైనా తగిలి చప్పుడు చేస్తుందని కింద ఉన్ని గుడ్డ పేలిక దూర్చేది. అప్పటికింకా బతికున్న భర్త మెట్రో తుమ్మడానికి కొట్టంలోకి వెళ్ళేవాడు. నాలుగు కాగానే కింద నుంచి గార్నెట్ కేకేసేవాడు: “అమ్మా, లేచాను.” ఆ మాట వినబడ్డాకే ఇంట్లో కుర్చీ కదిలేది.

ఒక ఫిబ్రవరిలో, ఆట రోజున, నాన్న ట్రక్కు తలుపులో వెర్నా కుడిచేతి చూపుడు వేలు నలిగింది. ఓల్గా పిల్లని స్నానాలగదిలోకి తీసుకెళ్ళి వేలికి తడిగుడ్డ చుట్టి, నాలుగు దాకా ఓర్చుకోమంది. వెర్నా రెండో చేతి పిడికిలి నోట్లో పెట్టుకుని తొట్టి అంచు మీద కూర్చుంది. కింద నుంచి కేక వచ్చాక ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ వేలు మళ్ళీ పూర్తిగా చాచుకోలేదు. పియానో టీచరు రెండు నెలలు చూసి, ఇక వద్దంది. మూత కింద గుడ్డ అప్పట్నుంచీ అలాగే ఉంది.

గార్నెట్ నాలుగు చలికాలాలు ఆ ఇంట్లో ఉండి పెద్ద ఆటలకి వెళ్ళాడు. గోల్ కొట్టే ఆటగాడు కాదు. ప్రతి జట్టులోనూ చేతి తొడుగులు విసిరేసి అవతలి వాణ్ణి కొట్టడానికి ఒకణ్ణి పెట్టుకుంటారు. అతను ఆ ఒకడు. పదకొండేళ్ళలో ఐదు జట్లు మారాడు. ఓల్గా ప్రతి ఆటా టీవీలో చూసేది. ఆ పైన మూడేళ్ళు టీవీలోకి రాని ఊళ్ళలో, బస్సుల్లో తిరిగి ఆడాడు. తర్వాత కార్లు కడిగే షాపు పెట్టి మూసేశాడు. భార్య ఇంటి తాళం మార్చేసింది. తలనొప్పులు, వెలుతురు పడకపోవడం, నిద్ర లేకపోవడం. అక్టోబరులో వచ్చి, ఓల్గా తలుపు తీయగానే, “అమ్మా, నా గది ఉందా?” అన్నాడు.

ఉంది. అమ్మ గుండెకి బాగాలేదని రెజీనాలో ఫ్లాట్ వదులుకుని వసంతంలో వచ్చిన కూతురికి మాత్రం కుట్టుమిషను ఉన్న గదిలో మడత మంచం వేసింది.

*

ఇంటి ముందు ఫ్రీడా క్లాసెన్ నిలబడి ఉంది. చేతిలో మూతపెట్టిన గిన్నె. కుర్రాళ్ళని ఇళ్ళకి పంచే పని ముప్పయ్యేళ్ళు చూసిన మనిషి. బెల్ కొట్టలేదు, కొట్టదు. ఒంటిగంట దాటిందిగా.

“అమ్మాయ్, ఎలా ఉంది ఓల్గా?”

రేపు ఆపరేషన్ అని వెర్నా చెప్పింది.

అదృష్టం కొద్దీ గార్నెట్ ఇంట్లో ఉన్నాడంది ఫ్రీడా. పొద్దున హాకీ రింక్ దగ్గర కాఫీ తాగేచోట అందరూ అదే అనుకుంటున్నారట. అమ్మని నేనే చూశానని గార్నెట్ చెప్పాడట, అంతకు మించి ఒక్క మాట గొప్పలు పోలేదట. శనివారం ఆట మొదలుపెడుతూ మంచు మధ్యలో పక్ బిళ్ళని వదిలే గౌరవానికి ఇద్దరు ముగ్గురి పేర్లు అనుకున్నారట. నిన్నటి సంగతి తెలిశాక ఇక వేరే పేరు లేదట.

“ఆ వేళకి నువ్వు షాపులో ఉన్నావు. కన్నబిడ్డ అందుబాటులో లేకపోయినా, పెంచుకున్న వాడు ఉన్నాడు. అది చాలు.”

“నేనేనండీ అంబులెన్సుకి చేసింది.”

“చేశావులే. కాదనడం లేదు.” ఫ్రీడా గిన్నె అందించింది. “క్యాబేజీ చుట్టలు. గార్నెట్‌కి ఇష్టం. వాడు లేచాక వెచ్చబెట్టు.”

*

వంటింట్లో అమ్మ కళ్ళజోడు కిటికీ గట్టు మీద ఉంది. వెర్నా దాన్ని కోటు జేబులో వేసుకుంది. మూడున్నర కాలేదు. కోటు విప్పకుండానే ఆస్పత్రి సంచీ విప్పింది. ఉతకడానికి దుప్పటి బయటికి తీసింది.

దుప్పటి నుంచి మెంథాల్ మందు వాసన కొట్టింది. గార్నెట్ మెడకీ భుజాలకీ పట్టించుకునే మందు. ఉతికిన దుప్పటికి ఆ వాసన ఉండదు.

వెర్నా మెట్ల దగ్గరికి వెళ్ళింది. పై మెట్టు పక్కన బట్టల బుట్ట ఉంది. ఉతికి మడతపెట్టిన రెండు దుప్పట్లు, దిండు గలీబులు. ఏవీ చెదరలేదు. నిన్న అమ్మ ఆ బుట్ట ఎత్తనేలేదు. ఉత్త చేతులతోనే దిగి, ఉత్త చేతులతోనే పడింది.

అలాంటప్పుడు ఈ దుప్పటి మంచం మీది నుంచి రావాలి. మంచం తలుపు అవతల ఉంది.

ఇరవై అయిదేళ్ళలో నాలుగింటికి ముందు ఆ తలుపు ఎవరూ తీయలేదు. వెర్నా బూట్లతోనే మెట్లు దిగింది. తలుపు తీసింది. కిటికీకి నల్లగుడ్డ కొట్టి ఉంది. గార్నెట్ ఒంటిమీద కోటు కప్పుకుని పడుకున్నాడు.

“గార్నెట్, లే.”

అతను కళ్ళు తెరవకముందే లేచాడు. ఎడమ చెయ్యి ఆమె కోటు కాలరుని మెడ దగ్గర ఒడిసిపట్టింది. కుడి పిడికిలి చెవి వెనక్కి వెళ్ళింది. అక్కడే ఆగింది. అతను మెల్లగా ఆమె ముఖం గుర్తుపట్టి చెయ్యి వదిలాడు.

“వెర్నీ. నాలుగయిందా?”

“కాలేదు.”

“మరి?”

ఆమె దుప్పటిని మంచం మీద పడేసింది. అతను దాన్ని చూసి, తనది దొరికిందని దగ్గరికి లాక్కున్నాడు.

“నిన్న ఇది అమ్మ మీదికి ఎలా వచ్చింది?”

గార్నెట్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. దాచే ప్రయత్నం చేయలేదు. ఏదో పడిన చప్పుడు విన్నానన్నాడు. అలాంటి చప్పుళ్ళు రోజూ వింటాడు. మెట్ల మీద మనుషులు పడుతున్నట్టు, అద్దాలు పగిలినట్టు. విన్నిపెగ్‌లో డాక్టరు వాటిని నమ్మొద్దన్నాడు. పడుకుని అంకెలు లెక్కపెట్టుకోమన్నాడు. లెక్కపెట్టానన్నాడు.

“తర్వాత?”

“తర్వాత తలుపు తీశాను.”

“అమ్మని చూశావా?”

“చూశాను.”

“ఏమంది?”

గార్నెట్ చూపుడు వేలు పెదవుల మీద పెట్టి చూపించాడు.

“ఇలా అంది. తర్వాత చేత్తో మంచం చూపించింది.”

పైన ఫ్రిజ్ మోటారు ఆగింది. ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు.

“కల అనుకున్నావు,” అంది వెర్నా. అతనికి ఆ దారి ఎందుకు చూపిస్తోందో ఆమెకే తెలియలేదు. “తల బాగాలేదు. నిద్రమత్తు. కల అనుకున్నావు. అంతేనా?”

“కాదు. కలైతే దుప్పటి ఎందుకు కప్పుతాను? నేల చల్లగా ఉంది, వణుకుతోంది. కప్పాను.”

“కప్పి?”

“పడుకున్నాను.”

“నిద్ర పట్టిందా?”

అతను ఆలోచించాడు. అడిగినదానికి సరిగ్గా చెప్పాలనుకున్నాడు.

“పట్టింది. ఈ మధ్య ఎప్పుడూ అంత బాగా పట్టలేదు. పక్కనే మనిషి ఉందిగా.”

వెర్నా చెయ్యెత్తింది. అతను తప్పుకోలేదు. ముఖం కొంచెం ముందుకి పెట్టాడు. దెబ్బ తీసుకోవడం అతని వృత్తి. ఆమె చెయ్యి దించేసింది.

“తుంటి విరిగిన మనిషి నీ తలుపు ముందు పడుంటే పడుకున్నావు.”

“పడుకోమంది. ఈ ఇంట్లో అమ్మ పడుకోమంటే పడుకోవాలి, ఊరుకోమంటే ఊరుకోవాలి. నువ్వూ అలాగే పెరిగావుగా. వేలు నలిగిన రోజున నువ్వు అరిచావా?”

వెర్నా కుడి చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది. లోపల అమ్మ కళ్ళజోడు తగిలింది.

“నీకెలా తెలుసు? నువ్వు పడుకునున్నావు.”

“ఆ రోజు నిద్ర పట్టలేదు. స్నానాలగది ఈ గది మీదే కదా. నువ్వు ముక్కుతో ఏడవడం విన్నాను. నాలుగు దాకా విన్నాను.”

“విని?”

“నేను లేస్తే అమ్మ నిన్ను తిట్టేది. నా నిద్ర చెడగొట్టావని.” అతను దుప్పటి అంచుని వేళ్ళతో సరిచేశాడు. “ఆ రాత్రి మేం గెలిచాం.”

*

వెర్నా మెట్లెక్కి వంటింట్లోకి వచ్చింది. అతను వెనకాలే వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. నాలుగు కావస్తోంది. చెప్పాల్సింది ఆమె గొంతు పెంచకుండా చెప్పింది. నాలుగింటికి అమ్మ ఫోన్ చేస్తుంది. ఇంట్లోనే ఉంటానని అతను చెప్పాలి. అప్పుడే సంతకం పెడుతుంది, అప్పుడే ఆపరేషన్. అమ్మ కళ్ళు తెరిచిందని ఆస్పత్రి నుంచి కబురొచ్చిన రోజున అతను సంచీ సర్దుకోవాలి. శనివారం పక్ వదిలాకే వెళ్ళొచ్చు, ఆ ముచ్చట తను చెడగొట్టదు.

“ఉంటానని చెప్పి వెళ్ళిపోవాలా?”

“అవును.”

“అది అబద్ధం కదా.”

“అబద్ధమే.”

“అమ్మతో నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు, వెర్నీ.”

“ఆవిడ నీకు అమ్మ కాదు. క్లబ్బు పంపితే వచ్చావు. నువ్వు రాకపోతే ఇంకొకడు వచ్చేవాడు. వాడికీ అదే స్పెగెటీ పెట్టేది.”

గార్నెట్ తల పక్కకి తిప్పుకున్నాడు. వెలుతురు పడక తిప్పుకున్నాడో, మాట తగిలి తిప్పుకున్నాడో ఆమె పట్టించుకోలేదు.

“అయితే నిజం చెప్పు,” అంది. “వెర్నా గెంటేస్తోందని చెప్పు. ఆవిడ సంతకం పెట్టదు. పెట్టకపోతే ఏమవుతుందో డాక్టరు చెప్పాడు. నిన్న ఆవిడని మూడు గంటలు వదిలేశావు. ఈసారి పూర్తిగా వదిలేయొచ్చు.”

ఫోన్ మోగింది.

ఇద్దరూ దానివైపు చూశారు. మూడుసార్లు మోగేదాకా ఎవరూ కదల్లేదు. ఎత్తమని వెర్నా కళ్ళతో చెప్పింది. గార్నెట్ లేచి ఫోన్ తీసుకున్నాడు.

“అమ్మా, లేచాను.”

ఫోన్‌లోంచి ఏడుపు వినబడింది. బల్ల అవతల కూర్చున్న వెర్నా దాకా వినబడింది. నిన్నట్నుంచి అంబులెన్సులో, ఎక్స్‌రే గదిలో, నర్సులు పక్క మార్చినప్పుడు, కూతురు చెయ్యి పట్టుకున్నప్పుడు రాని ఏడుపు. అతని మాట వినబడ్డాకే వచ్చింది. నిన్న కారు దగ్గర నిలబడి విన్న కేక కూడా ఆ మాట తర్వాతే వచ్చిందని వెర్నాకి అప్పుడు తెలిసింది.

గార్నెట్ చాలాసేపు విన్నాడు. మధ్యలో, “తెలుసమ్మా,” అన్నాడు. “పట్టింది, బాగానే పట్టింది,” అన్నాడు. చివర్లో, “సరే,” అన్నాడు. ఇంకోసారి, “సరే,” అన్నాడు. వెర్నా చెయ్యి చాచింది. అప్పటికే అతను ఫోన్ పెట్టేశాడు.

“నాకివ్వకుండా పెట్టేశావేం?”

“నీకివ్వమనలేదు.”

“ఒప్పుకుందా?”

“ఒప్పుకుంది. సంతకం పెట్టిందట కూడా. రేపు ఒంటిగంటకి.”

వెర్నా ఊపిరి వదిలింది. అబద్ధం చెప్పావన్నమాట అంది.

“లేదు. ఉంటావా అని అడగలేదు. తనే చెప్పింది, నేను సరే అన్నాను.”

“ఏం చెప్పింది?”

అతను ఫ్రీడా ఇచ్చిన గిన్నె మూత తీసి చూశాడు. మళ్ళీ మూసేశాడు.

“ఇంటికొచ్చాక పడకగదికి మెట్లు ఎక్కిదిగడం తన వల్ల కాదట. కుట్టుమిషను గదిలో మంచం వేయించుకుంటుందట. ఆ గది ఖాళీ కావాలట.”

“నా గది.”

“ఇంట్లో ఇద్దర్నీ ఉంచి రోజూ తగువులు వినే ఓపిక లేదంది. నీకు చదువుంది, ఉద్యోగముంది, ఎక్కడైనా బతుకుతావంది. నాకు ఎక్కడా లేదంది. అది నిజమే.” అతను ఆగాడు. మర్చిపోయిందేదైనా ఉందేమోనని వెతుక్కున్నాడు. ఈ మధ్య మాటలు జారిపోతుంటాయి, అందుకని వరసగా పట్టుకుని చెప్తున్నాడు. “మొహం చూస్తూ నీతో చెప్పలేనంది. నన్ను చెప్పమంది.”

“రేపు ఆపరేషన్‌కి నిన్ను రమ్మందా?”

“వద్దంది. ఒంటిగంటకి కదా.”

వెర్నా జేబులోంచి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఒక అద్దం మీద పిండి మరక ఉంది. ఆమె దాన్ని తుడవలేదు.

“ఇంకోటి కూడా అంది,” అన్నాడు గార్నెట్. “ఊరంతా చూసేలా సామాను దించుకోవద్దట. తలుపులు విసిరి కొట్టొద్దట. వెళ్ళేటప్పుడు మెల్లగా వెళ్ళమంది.”

చెప్పాల్సింది అయిపోయింది. అతను క్యాబేజీ చుట్టల గిన్నె తీసుకుని మెట్ల వైపు నడిచాడు.

వెర్నా కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. ముందుగదిలోకి వెళ్ళి పియానో ముందు నిలబడింది. మూత కింద ఉన్ని పేలిక దుమ్ము పట్టి చెక్కకి అతుక్కుపోయి ఉంది. ఒక కొస పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. గుడ్డతో పాటు చెక్క రంగు ఊడి వచ్చింది.

మెట్ల మీద అడుగులు ఆగాయి.

“వెర్నీ, ఏం చేస్తున్నావ్?”

ఆమె వెనక్కి తిరిగింది. సరిగ్గా చాచుకోని ఆ చూపుడు వేలిని పెదవుల మీద పెట్టి, అతను కింద గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేదాకా అలాగే చూస్తూ నిలబడింది.